ఎండుమేత, నెమరు, సూక్ష్మజీవులు: రూమెన్ పరిశోధనపై ఒక సమీక్ష

ఆవు, గేదె, గొర్రె, మేక గడ్డి తిని బతుకుతాయి గానీ, ఆ గడ్డిలోని పీచును విడగొట్టే సెల్యులేజ్ అనే ఎంజైమును వాటి శరీర కణాలు తయారుచేయలేవు. ఆ పని వాటి పొట్టలో కాపురముండే బాక్టీరియా, శిలీంధ్రాలు, ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు చేస్తాయి. ఇంతవరకు శాస్త్రవేత్తల మధ్య భేదాభిప్రాయం లేదు. చిక్కంతా దీని తర్వాతి ప్రశ్నతో మొదలవుతుంది. ఒక పశువు ఎక్కువ పాలిచ్చి, మరొకటి తక్కువ ఇస్తున్నప్పుడు ఆ తేడాకు మూలం మేతలో ఉందా, పశువు జాతిలో ఉందా, పొట్టలోని సూక్ష్మజీవుల కూర్పులో ఉందా? మూడింటికీ గట్టి సమర్థకులున్నారు, మూడింటికీ ప్రయోగ ఫలితాలున్నాయి. జన్యుక్రమాలను చదివే యంత్రాలు చవకయ్యాక ఈ చర్చ తేటపడవలసింది పోయి మరింత చిక్కుపడింది.

తెలంగాణకు ఇది దూరపు ప్రశ్న కాదు. 2019 పశుగణన ప్రకారం సుమారు 1.91 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, సుమారు 1.76 కోట్లతో రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఈ జీవాలూ, వాటితో పాటు లక్షల గేదెలూ ఏడాదిలో ఎక్కువ నెలలు బీడు గడ్డి, వరిగడ్డి, జొన్నచొప్ప మీదే గడుపుతాయి. హైదరాబాద్ తూర్పున సైదాబాద్, సంతోష్‌నగర్ ప్రాంతంలో 1985 నుంచి పనిచేస్తున్న కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా), హయత్‌నగర్, గునుగల్‌లలోని తన క్షేత్రాల్లో వానాధార భూములను అధ్యయనం చేస్తున్నది కూడా ఈ మేత పుట్టే నేలల గురించే. అందువల్ల ప్రపంచ స్థాయి చర్చను దక్కన్ ఎండుమేత దృష్టితో బేరీజు వేయడం ఈ సమీక్ష ఉద్దేశం.

పొట్టలో జరిగే పని

నెమరువేసే జంతువు పొట్టలో నాలుగు అరలుంటాయి. వాటిలో మొదటిదీ అన్నిటికంటే పెద్దదీ రూమెన్. ఎదిగిన ఆవులో ఇది వంద లీటర్లకు పైగా పడుతుంది. ప్రాణవాయువు దాదాపు లేని ఈ అరలో ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది, ఆమ్లత్వాన్ని పశువు మింగే లాలాజలం అదుపులో ఉంచుతుంది. ఇక్కడి ద్రవంలో ఒక్కొక్క మిల్లీలీటరుకు వెయ్యి కోట్లకు తక్కువ కాకుండా బాక్టీరియా, వేల నుంచి లక్షల సంఖ్యలో ప్రోటోజోవా ఉంటాయి. వీటితో పాటు శిలీంధ్రాలు, ఆర్కియా అనే మరో తెగ సూక్ష్మజీవులు కూడా ఉంటాయి.

మేత రూమెన్‌లో పడగానే బాక్టీరియా గడ్డి ముక్కల విరిగిన అంచులకు అంటుకుంటాయి. శిలీంధ్రాలు తమ వేరు వంటి పోగులతో కాడలోకి చొచ్చుకుపోయి గట్టి కణజాలాన్ని చీలుస్తాయి. నెమరువేయడం వల్ల ముక్కలు చిన్నవై, సూక్ష్మజీవులు అంటుకోగల అంచులు పెరుగుతాయి. పీచు పులిసి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ అనే మూడు కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. రూమెన్ గోడ వీటిని పీల్చుకుంటుంది, పశువుకు అందే శక్తిలో దాదాపు 70 శాతం వీటి నుంచే వస్తుంది. ఎసిటిక్ ఆమ్లం పాలలో వెన్నకు ముడిసరుకు కాగా, ప్రొపియోనిక్ ఆమ్లం కాలేయంలో గ్లూకోజుగా మారుతుంది.

రెండో లాభం మొదటి దానికంటే తక్కువది కాదు. మేతలోని మాంసకృత్తులను సూక్ష్మజీవులు చాలావరకు అమ్మోనియాగా విడగొట్టి, ఆ అమ్మోనియాతో తమ శరీరాలను కట్టుకుంటాయి. తర్వాత అవి మేతతో పాటు కిందికి జారి, నాలుగో అరలోనూ చిన్నపేగులోనూ తామే జీర్ణమైపోతాయి. పేగుకు చేరే మాంసకృత్తుల్లో సగానికి మించిన భాగం సాధారణంగా ఈ సూక్ష్మజీవుల కళేబరాలదే. అంటే పశువును మేపడమంటే ముందుగా సూక్ష్మజీవులను మేపడమే.

ఈ ఏర్పాటు విలువ తెలియాలంటే గుర్రంతో పోల్చి చూడాలి. మలక్‌పేట రేస్ కోర్సులోని గుర్రాలూ సూక్ష్మజీవుల సాయంతోనే గడ్డిని జీర్ణించుకుంటాయి, కానీ వాటి పులియబెట్టే అర చిన్నపేగు దాటాక, పెద్దపేగు మొదట్లో ఉంటుంది. కొవ్వు ఆమ్లాలు అక్కడా శరీరానికి అందుతాయి గానీ, సూక్ష్మజీవుల శరీరాల్లోని మాంసకృత్తులు చాలావరకు లద్దెతో బయటికి పోతాయి. దానికి ప్రతిఫలంగా గుర్రం నెమరు కోసం ఆగకుండా ఎక్కువ మేతను త్వరగా లోపలికి పంపగలదు. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనంలో తిరిగే కృష్ణజింకలు మాత్రం ఆవు, గొర్రెల మాదిరిగానే నెమరువేసే జాతి. మాంసకృత్తులు తక్కువగా ఉండే ఎండు గడ్డి మీద నెమరువేసే జంతువుకున్న పైచేయి ఎక్కడిదో ఈ తేడా చెబుతుంది.

1843 నుంచి జన్యు పట్టికల దాకా

రూమెన్ ద్రవంలో కదిలే ఏకకణ జీవులను 1843లో ఫ్రాన్సులో గ్రూబీ, డెలాఫాన్ మొదటిసారి వర్ణించారు. పీచు అక్కడ పులిసి ఆమ్లాలుగా మారుతున్నదని 1880లలో జర్మనీలో టాపైనర్ చూపించాడు. ఆ ఆమ్లాలు వ్యర్థం కావనీ, రూమెన్ గోడ ద్వారా రక్తంలో చేరుతున్నాయనీ గొర్రెల మీద నిరూపించడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. 1944లో కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్ట్, మెక్‌నల్లీ, ఫిలిప్సన్ చేసిన ఆ పనితో రూమెన్ కేవలం మేత నానబెట్టుకునే సంచి అన్న భావన పోయింది.

ప్రాణవాయువు తగిలితే చచ్చిపోయే బాక్టీరియాను గాజు గొట్టాల్లో పెంచే పద్ధతిని అమెరికాలో రాబర్ట్ హంగేట్ రూపొందించాడు. 1966లో ఆయన వెలువరించిన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది గ్రంథంగా నిలిచింది. ఆ దశాబ్దాల్లోనే నత్రజని ప్రశ్న తేలింది. యూరియా తప్ప మరో నత్రజని మూలం లేని మేత మీద గొర్రెల రూమెన్‌లో అత్యవసర అమైనో ఆమ్లాలన్నీ తయారవుతున్నాయని 1949లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూస్లీ బృందం చూపింది. మాంసకృత్తులు లేకుండా యూరియా, అమ్మోనియం లవణాలు మాత్రమే ఇచ్చిన ఆవులు పాలివ్వగలవని 1966లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త, నోబెల్ గ్రహీత విర్తానెన్ ప్రకటించాడు.

శిలీంధ్రాల సంగతి ఈ చరిత్రలో ఒక హెచ్చరికగా మిగిలింది. తోకలున్న ప్రోటోజోవాగా అప్పటిదాకా లెక్కలో వేసుకున్న జీవులు నిజానికి ప్రాణవాయువు లేకుండా బతికే శిలీంధ్రాల బీజాలని 1975లో ఇంగ్లండులో కాలిన్ ఆర్పిన్ తేల్చాడు. దశాబ్దాల తరబడి సూక్ష్మదర్శినిలో కనబడుతూనే ఉన్నా ఎవరూ గుర్తుపట్టలేదు.

2011 తర్వాత పని తీరే మారిపోయింది. జీవులను పెంచకుండా రూమెన్ ద్రవంలోని డీఎన్ఏ మొత్తాన్ని ఒకేసారి చదివే పద్ధతితో, పీచును విడగొట్టే అవకాశమున్న 27 వేలకు పైగా జన్యువులను అమెరికన్ బృందం ఒకటి ఆ ఏడాది పట్టికకెక్కించింది. హంగేట్ పేరున సాగిన అంతర్జాతీయ ప్రాజెక్టు 2018లో, పెంచిన 410 బాక్టీరియా, ఆర్కియాల పూర్తి జన్యుక్రమాలను వెల్లడించింది. ఈ పట్టికలు పెరిగినంత వేగంగా వాటి అర్థం పెరగలేదన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. ఒక జన్యువు ఉందని తెలియడం వేరు, చొప్ప తిన్న గొర్రె పొట్టలో ఆ జన్యువు పనిచేస్తున్నదని తెలియడం వేరు.

మేతే మూలమన్న వాదం

మూడు వాదాల్లో పాతదీ, పొలానికి దగ్గరదీ ఇది. సూక్ష్మజీవులు అన్ని రూమెన్లలోనూ ఇంచుమించు ఒకే తీరున ఉంటాయనీ, వాటికి అందే ముడిసరుకే వాటి పనిని నిర్ణయిస్తుందనీ దీని సారం. 35 దేశాల నుంచి 32 రకాల జంతువుల 742 నమూనాలను పరిశీలించి 2015లో వెలువడిన ప్రపంచ రూమెన్ గణన ఈ వాదానికి పెద్ద అండ. ఖండాలు మారినా ప్రధాన బాక్టీరియా సమూహాలు దాదాపు అవేననీ, తేడాలకు జంతువు జాతి కంటే మేతే ఎక్కువ కారణమనీ ఆ గణన తేల్చింది.

వరిగడ్డి విషయంలో ఈ వాదం మరింత బలంగా వినబడుతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు సుమారు 3 నుంచి 4 శాతమే ఉంటాయి. మేతలో అవి 7 శాతానికి తగ్గితే సూక్ష్మజీవులకు చాలినంత అమ్మోనియా అందక పీచు జీర్ణం మందగిస్తుంది. మేత రూమెన్‌లోనే నిలిచిపోతుంది, పొట్ట నిండినట్టుండి పశువు తినడం తగ్గిస్తుంది, అయినా చిక్కిపోతుంది. దీనికి తోడు వరిగడ్డిలో సిలికా అనే ఇసుక పదార్థం మెండు, సున్నాన్ని బంధించే ఆక్సలేట్లూ ఉంటాయి. మెట్ట జొన్న తగ్గి వరి విస్తరించడంతో తెలంగాణ పశువుల గాదెలో చొప్ప స్థానాన్ని వరిగడ్డి ఆక్రమించడం ఈ లెక్కలో కలిసొచ్చే మార్పు కాదు.

చొప్ప నాణ్యత గురించి హైదరాబాద్‌లోనే ఒక విలువైన పరిశీలన జరిగింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలో పనిచేసిన మైఖేల్ బ్లూమెల్, పార్థసారథి రావు 2004–05లో నగర పాడి పశువులకు జొన్నచొప్ప అమ్మే వ్యాపారుల దగ్గర ధరలు, నమూనాలు సేకరించారు. నాసిరకం చొప్ప జీర్ణశక్తి 47 శాతం దగ్గర, మేలురకానిది 52 శాతం దగ్గర ఉంటే, ఆ అయిదు శాతం తేడాకు ధరలో పావు వంతు, అంతకు మించి కూడా తేడా పలికింది. జీర్ణశక్తిని ప్రయోగశాలలో కొలిచే పద్ధతుల్లో ముఖ్యమైనది, రూమెన్ ద్రవంలో మేత నమూనాను పులియబెట్టి వెలువడే వాయువును కొలవడం. కాడను చూసి, ఆకును తడిమి బేరమాడే వ్యాపారి, ప్రయోగశాల లెక్కకు తెలియకుండానే దగ్గరగా వచ్చాడన్నమాట. గింజ దిగుబడినే లెక్కలోకి తీసుకుంటూ వచ్చిన జొన్న వంగడాల పరిశోధన చొప్ప నాణ్యతను కూడా ఎంపికలో చేర్చుకోవాలన్న ఒత్తిడికి ఇలాంటి ఫలితాలే బలమిచ్చాయి.

మేతను మెరుగుపరిచే మార్గాల్లో యూరియాతో మాగబెట్టడం పేరెన్నికగన్నది. వంద కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియాను నీటిలో కలిపి చల్లి, గాలి చొరకుండా కప్పి సుమారు మూడు వారాలు ఉంచితే, వెలువడే అమ్మోనియా పీచు బంధాలను సడలించి నత్రజనిని కూడా చేరుస్తుంది. 1980లలో దేశమంతటా ప్రదర్శనలు జరిగాయి. ప్రయోగశాలలో ఫలితం స్పష్టం, రైతు ఇంట ఆదరణ అంతంతమాత్రం. నీరు, కూలి, కప్పడానికి పట్టా, వాటికి తోడు యూరియా అంటే విషమన్న భయం అడ్డు నిలిచాయి. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు, ఒక్కసారిగా యూరియా మోతాదు మించితే పశువు గంటల్లో చనిపోగలదు. అన్నిటికంటే ముఖ్యంగా, రోజుకు రెండు మూడు లీటర్లిచ్చే పశువులో ఆ శ్రమకు దక్కే అదనపు పాలు తక్కువ. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రోనాల్డ్ లెంగ్ ఆలోచనలతో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారంలోకి తెచ్చిన యూరియా–బెల్లపు మడ్డి ఇటుకలు పశువు కొద్దికొద్దిగా నాకి తినేవి కాబట్టి ఈ ప్రమాదాన్ని తగ్గించాయి. విస్తరణ అధికారుల నివేదికల్లో రైతు అజ్ఞానంగా కనిపించినది చాలాచోట్ల రైతు వేసుకున్న సరైన లెక్కే.

ప్రోటోజోవా వివాదం

రూమెన్ జీవుల్లో పరిమాణానికి పెద్దవైన ప్రోటోజోవా అవసరమా అన్న ప్రశ్న ఎనభై ఏళ్లకు పైబడినది. అవి లేకుండానే పశువు బతకగలదని చాలాకాలం క్రితమే తేలింది. దూడ, పిల్ల తల్లి లాలాజలం తగిలితేనే వీటిని పొందుతాయి కాబట్టి, పుట్టగానే విడిగా పెంచితే ప్రోటోజోవా లేని పశువు తయారవుతుంది. ఇవి బాక్టీరియాను మింగి, పశువుకు దక్కవలసిన మాంసకృత్తులను రూమెన్‌లోనే ఖర్చు చేస్తాయన్నది ఒక పక్షం. మరో పక్షం, ఇవి పీచు జీర్ణంలో చేయి వేస్తాయనీ, పిండిపదార్థాన్ని మింగి దాచి ఆమ్లత్వం ఒక్కసారి పెరగకుండా కాపాడతాయనీ అంటుంది.

ఎన్నో ప్రయోగాలను కలిపి విశ్లేషించి 2015లో న్యూబోల్డ్ బృందం ఇచ్చిన లెక్క ఇరు పక్షాలకూ వాటా పంచింది. ప్రోటోజోవాను తొలగిస్తే పేగుకు చేరే సూక్ష్మజీవ మాంసకృత్తులు 30 శాతం దాకా పెరగవచ్చు, పశువు త్రేన్పులతో వదిలే మీథేన్ వాయువు 11 శాతం దాకా తగ్గవచ్చు, కానీ పీచు జీర్ణం దెబ్బతింటుంది. దక్కన్ పశువుకు పీచే ప్రధానాహారం కాబట్టి ఈ బేరం ఇక్కడ లాభసాటి కాదనే చెప్పాలి.

సూక్ష్మజీవే కీలకమన్న వాదం: సుబాబుల్, నాము, పొట్ట ద్రవం మార్పిడి

ఒక్క బాక్టీరియా వల్ల పశువు బతుకు మారిపోగలదనడానికి ఎక్కువగా చెప్పే ఉదాహరణ సుబాబుల్. మాంసకృత్తులు పుష్కలంగా ఉన్న ఈ చెట్టు ఆకులో మిమోసిన్ అనే పదార్థముంది. రూమెన్‌లో అది మరో రూపానికి మారి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది, వెంట్రుకలు రాలిపోతాయి. ఆస్ట్రేలియా పశువులు ఇలా జబ్బుపడుతుంటే హవాయి దీవుల్లోని మేకలు నిక్షేపంగా ఉండటాన్ని రేమండ్ జోన్స్ గమనించాడు. 1980ల తొలి ఏళ్లలో ఆ మేకల రూమెన్ ద్రవం ఆస్ట్రేలియాకు చేరి అక్కడి పశువులకు రక్షణనిచ్చింది. దానిలో విషాన్ని విరిచే బాక్టీరియాకు 1992లో జోన్స్ పేరు కలిసొచ్చేలా నామకరణం జరిగింది.

తెలుగు నేలలోనూ సుబాబుల్ ఆశలు రేపింది. 1980లలో క్రీడా మెట్ట పొలాల్లో సుబాబుల్ వరుసల మధ్య జొన్న వంటి పైర్లు వేసి, కొమ్మలు నరికి మేతగా, ఎరువుగా వాడే పద్ధతిని పరీక్షించింది. నీటి కోసం చెట్టు పైరుతో పోటీ పడటంతో పంట దిగుబడి తగ్గింది, ఆ పద్ధతి నిలవలేదు. తర్వాత ప్రకాశం, కృష్ణా వంటి జిల్లాల్లో సుబాబుల్ కాగితపు మిల్లుల కర్రగా స్థిరపడింది. అంటే ఇక్కడ అడ్డుపడింది రూమెన్ కాదు, నేలలోని తేమ.

అసలు కథ కూడా మొదట అనుకున్నంత నేరుగా లేదు. జన్యు పరీక్షలు విస్తరించాక ఆ బాక్టీరియా బంధువులు ఎన్నో దేశాల పశువుల్లో, పైనుంచి ఎక్కించకుండానే కనిపించాయి. ఇటీవల క్వీన్స్‌లాండ్ పరిశోధకులు, ఈ ఆకుకు అలవాటుపడిన పశువుల్లో విషానికి విరుగుడు చాలావరకు కాలేయంలోనే జరుగుతుండవచ్చని వాదిస్తున్నారు. పాఠ్యగ్రంథాల్లో సూక్ష్మజీవి ఒంటరి విజయంగా నిలిచిన ఘట్టం ఇప్పుడు మళ్లీ విచారణకు వచ్చింది.

సూక్ష్మజీవులు ఎప్పుడూ పశువుకు మేలే చేస్తాయనీ లేదు. లేత జొన్న, కోసిన మోడు నుంచి లేచిన పిలకలు, వాన లేక వాడిన పైరు తిన్న పశువు నిమిషాల్లో రొప్పుతూ పడిపోవడాన్ని రైతులు నాము తగలడం అంటారు. జొన్న ఆకులోని ధుర్రిన్ నుంచి ప్రాణాంతకమైన సయనైడును అంత వేగంగా విడుదల చేసేవి రూమెన్‌లోని సూక్ష్మజీవుల ఎంజైములే. ధాన్యమో, వండిన అన్నమో, తీపి పండ్ల వ్యర్థమో ఒకేసారి మోతాదుకు మించి తిన్నప్పుడు కూడా కీడు చేసేవి ఇవే. పిండిపదార్థాన్ని ఆత్రంగా పులియబెట్టే బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తాయి, పీచును జీర్ణించే జీవులు ఆ ఆమ్లంలో చచ్చిపోతాయి.

అలాంటి పశువుకు ఆరోగ్యమైన పశువు రూమెన్ ద్రవాన్ని ఎక్కించడం పశువైద్యంలో పాత చికిత్స. పాలలో తోడు వేసినట్టు, ఖాళీ అయిన పొట్టలో కొత్త సమూహం పెరుగుతుంది. ఇదే ఉపాయంతో ఆరోగ్యంగా ఉన్న మామూలు పశువును మేలురకం పశువుగా మార్చవచ్చా? అమెరికాలో పాల్ వైమర్ బృందం 2010లో రెండు జతల ఆవుల రూమెన్ ద్రవాన్ని దాదాపు పూర్తిగా ఇచ్చిపుచ్చుకునేలా చేసి చూసింది. ఆమ్లత్వం, కొవ్వు ఆమ్లాల పాళ్లు ఒక్క రోజులోనే ఎవరి స్థితికి వారివి వచ్చాయి, బాక్టీరియా కూర్పు కూడా రోజులు, వారాలు గడిచేకొద్దీ ఆయా ఆవుల మునుపటి తీరుకు మళ్లింది. ఆవుల సంఖ్య తక్కువే అయినా ఈ ఫలితాన్ని తోసిపుచ్చడం కష్టం. జబ్బుతో చెదిరిన సమూహాన్ని నిలబెట్టడం సాధ్యం. నిలకడగా ఉన్నదాన్ని మార్చి నిలపడం మాత్రం ఇంకా చేతికందలేదు.

ఈ జీవుల శక్తికి హద్దులూ ఉన్నాయి. నగర వీధుల్లో తిరిగే ఆవులు మింగే పాలిథీన్ సంచులు రూమెన్‌లో ఏళ్ల తరబడి పేరుకుపోతాయి. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ శస్త్రచికిత్సలతో ఆ సంచుల ముద్దలను బయటికి తీసిన సంగతిని 2012 నాటి ఒక డాక్యుమెంటరీ దేశం ముందుంచింది. రూమెన్ ద్రవం కొన్ని పాలియెస్టర్ ప్లాస్టిక్‌లను కరిగించగలదని 2021లో ఆస్ట్రియా పరిశోధకులు చూపినప్పుడు పత్రికల్లో ఆశలు మోసులెత్తాయి గానీ, అందులో పాలిథీన్ లేదు.

పశువు జన్యువుల వాదం

వైమర్ ఫలితం మూడో వాదానికి దారి తీసింది. లాలాజలం ఎంత ఊరుతుంది, రూమెన్ ఎంత పెద్దది, మేత అక్కడ ఎంతసేపు నిలుస్తుంది అన్నవి పశువు పుట్టుకతో వచ్చే గుణాలు, అవే సూక్ష్మజీవుల కూర్పును తీర్చిదిద్దుతాయన్నది దీని తర్కం. 2018లో డెన్మార్క్‌లో 750 హోల్‌స్టీన్ ఆవులపై జరిగిన అధ్యయనంలో మీథేన్ విడుదలలో కనిపించిన తేడాల్లో 21 శాతానికి ఆవు జన్యువులు, 13 శాతానికి రూమెన్ సూక్ష్మజీవులు కారణమని తేలింది. 2019లో నాలుగు ఐరోపా దేశాల్లో వెయ్యికి పైగా ఆవులను పరీక్షించిన మరో బృందం, సూక్ష్మజీవుల్లో కొద్దిపాటి వర్గమే తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణాలతో ముడిపడి ఉందనీ, ఆ కొద్దిపాటి వర్గమే పాలు, మీథేన్ వంటి ఫలితాలతో బలమైన సంబంధం చూపుతున్నదనీ చెప్పింది.

ఈ ఫలితాలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. ఆ ఆవులన్నీ సమతుల దాణా, మాగుడు గడ్డి ఏడాది పొడవునా ఒకే తీరున తిన్నవి. మేతలో తేడా లేని చోట మిగిలిన తేడాలు పెద్దవిగా కనిపించడం సహజం. తొలకరిలో పచ్చిక, దసరా తర్వాత కోసిన పొలాల మోళ్లు, వేసవిలో తుమ్మకాయలు, ఎండుగడ్డితో ఏడాది గడిపే దక్కనీ గొర్రెలో మేత ప్రభావం ఎంతో, జన్యువుల వాటా ఎంతో ఆ లెక్క చెప్పదు.

మూడు వాదాల బేరీజు

మేత వాదం సమూహాల మధ్య తేడాలను బాగా వివరిస్తుంది, ఒకే కొట్టంలో ఒకే మేత తినే రెండు గేదెల మధ్య తేడాకు దాని దగ్గర సమాధానం తక్కువ. జన్యువుల వాదం ఆ లోటును పూరిస్తుంది, కానీ అది ఫలితమివ్వాలంటే తరాల ఎంపిక కావాలి. సూక్ష్మజీవుల వాదం జబ్బు పశువు చికిత్సలో నెగ్గింది, విషాల విరుగుడులో దాని విజయం మళ్లీ విచారణలో ఉంది, ఆరోగ్యవంతమైన ఎదిగిన పశువులో మాత్రం ఇంతవరకు నిలకడైన విజయం చూపలేదు. మూడింటినీ సమాన బలం గలవిగా చూపడం మర్యాదగా ఉంటుందేమో గానీ, నత్రజని కొరతలో ఉన్న రూమెన్ విషయంలో మొదటి వాదమే ముందు నిలుస్తుంది. అమ్మోనియా చాలని చోట ఏ మేలురకం బాక్టీరియా అయినా ఆకలితోనే ఉంటుంది.

మీథేన్ లెక్క

పీచు పులిసినప్పుడు వెలువడే హైడ్రోజన్‌ను ఆర్కియా మీథేన్‌గా మారుస్తాయి, అది త్రేన్పులతో బయటికి పోతుంది. మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా నష్టమవుతుంది. ఈ ప్రక్రియను అడ్డుకునే 3–ఎన్‌ఓపీ అనే రసాయనం పాడి ఆవుల్లో మీథేన్‌ను సుమారు 30 శాతం తగ్గిస్తున్నది, ఐరోపా సమాఖ్య 2022లో దానికి అనుమతినిచ్చింది. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ రూపొందించిన హరిత్ ధార, టానిన్లున్న మొక్కల పదార్థాలతో 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని ఆ సంస్థ చెబుతున్నది. అయితే ఇవన్నీ రోజూ దాణాతో ఇవ్వవలసినవి, దాణా రుచే తెలియక బీళ్ల వెంట తిరిగే మందకు వీటిని అందించే దారి లేదు. మేత మెరుగై ఒక్కో పశువు పాలు పెరిగితే లీటరు పాలకు పడే మీథేన్ వాటా దానంతటదే తగ్గుతుందన్న పాత సలహా భారతదేశ పరిస్థితుల్లో ఇంకా కాలం చెల్లలేదు.

తేలని సంగతులు

గేదె ఆవు కంటే ముతక పీచును బాగా జీర్ణించుకుంటుందన్న నమ్మకం విస్తృతంగా ఉంది, కొన్ని ప్రయోగాలు దాన్ని బలపరిచాయి, మరికొన్నిట్లో తేడా కనిపించలేదు. తేడా ఉంటే అది సూక్ష్మజీవుల వల్లనా, మేత గేదె రూమెన్‌లో ఎక్కువసేపు నిలవడం వల్లనా అన్నది తేలవలసి ఉంది. తెలుగు రాష్ట్రాల పాలలో గేదెది పెద్ద వాటా కాబట్టి ఈ ప్రశ్నకు ఇతరుల కంటే ఇక్కడివారే ముందుగా జవాబు వెతకాలి.

పుట్టిన తొలి వారాల్లో రూమెన్ ఇంకా ఏర్పడుతున్నప్పుడు ఇచ్చే మేత, సూక్ష్మజీవులు ఎదిగాక కూడా గుర్తు వదులుతాయా అన్నది మరో ప్రశ్న. ఎదిగిన పశువులో మొండికేసే సమూహం లేత వయసులో లొంగవచ్చన్నది ఆశ. కొంత ఆధారమూ ఉంది, కానీ ఏళ్ల తరబడి వెంటాడి చూసిన ప్రయోగాలు కొద్ది. దీనికి దగ్గరదే మేత మార్పు ప్రశ్న. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద పక్క రాష్ట్రాల జీవాలు పెద్ద ఎత్తున తెలంగాణకు వచ్చాయి. కొత్త మేతకు రూమెన్ జీవులు కుదురుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుందన్నది పుస్తకాల్లోని మాట, ప్రయాణపు బడలిక, ఆకలి తోడైన మందలో అది ఎంతగా సాగుతుందో కొలవడానికి అంతకంటే పెద్ద అవకాశం మళ్లీ దొరకదు.

ఈస్ట్, ప్రోబయాటిక్ పొడుల సంగతి చివరిది. దాణా ఎక్కువగా తినే అధిక పాల ఆవుల్లో ఈస్ట్ వల్ల కొంత మేలు కనిపించింది, గడ్డి మీద ఆధారపడిన పశువుల్లో ఫలితాలు ఒక ప్రయోగానికీ మరో ప్రయోగానికీ పొంతన లేకుండా ఉన్నాయి. వరిగడ్డి తినే గేదెలు, చేలల్లో మేసే దక్కనీ, నెల్లూరు గొర్రెల మీద తగినన్ని పరీక్షలు జరిగి, అదనంగా వచ్చిన పాలూ మాంసమూ ఖర్చుతో సరిచూసే దాకా, పాడి రైతు తన డబ్బును ముందుగా వేరుశనగ చెక్కకూ, ఖనిజ లవణ మిశ్రమానికీ, గడ్డి ముక్కలు చేసే యంత్రానికీ కేటాయించడమే సబబు. పొడుల ప్యాకెట్ల వంతు ఆ తర్వాతే.